ఈ ఏటి రంగు

"ఆ సాక్సులు ఇటు చూపించు."

జాయిస్ చూపించలేదు. చూపించాల్సిన పనీ లేదు. జగ్గయ్యపేట బస్టాండులో దిగిన దగ్గర్నుంచి స్కూలు దాకా వాన వదల్లేదు. స్కర్టు రంగు కాళ్ళ మీదుగా కారి తెల్ల సాక్సులు రెండూ నీలంగా మారాయి.

"చూశారామ్మా," అన్నాడు స్కూలు కరస్పాండెంటు భవానీప్రసాద్, ఎదురుగా నిలబడ్డ జాయిస్ తల్లి జయమణితో. ఆమెకి కుర్చీ చూపించలేదు. "కొత్త యూనిఫాం అమ్మడం మేం ఇప్పుడే మొదలుపెట్టాం. మీ అమ్మాయి పొద్దున్నే వేసుకొచ్చింది. పోయినేటి ఆకుపచ్చ స్కర్టుకి నీలం అద్దించారు. అవునా, కాదా?"

"అద్దించలేదు. నేనే అద్దా," అంది జయమణి. "దొంగసొత్తు పట్టుకున్నట్టు మాట్లాడతారేంటండీ."

ఆ స్కూల్లో యూనిఫాం రంగు ఏటా మారుతుంది. ఒకేడు మెరూన్, ఒకేడు ఆకుపచ్చ, ఈ ఏడు నీలం. కొత్తది స్కూల్లోనే కొనాలి. పక్కగదిలో భవానీప్రసాద్ బావమరిది తిరుపతిరావు ప్యాకెట్లు పేర్చుకుని కూర్చున్నాడు. వరండాలో తల్లిదండ్రులు వరసలో నిలబడ్డారు. గొంతులు లేచేసరికి ఆ వరస కాస్తా ఆఫీసు గుమ్మం వైపు జరిగింది.

"గవర్నమెంటు టీచరు గదా మీరు. కూతురికి జత బట్టలు కొనలేరా?"

"కొనలేక కాదండి. స్కర్టు చిరగలేదు, పొట్టి కాలేదు, హుక్కు కూడా ఊడలేదు. మంచి బట్ట పారేయడం నాకు చేతకాదు."

"పారేయమని ఎవరన్నారు? పరీక్షలైపోయిన రోజు పాత యూనిఫాంలన్నీ ఇమ్మన్నాం, అనాథ పిల్లలకి పంపుతామన్నాం. అందరూ ఇచ్చారు, మీరొక్కరే ఇవ్వలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆదివారం ఆదివారం చర్చికి పోయేవాళ్ళకి దానం గురించి నేను చెప్పాలా?"

జయమణికి ఒళ్ళు మండింది.

"చర్చి ఊసెందుకండీ ఇక్కడ? మీరు ఏటా రంగు మార్చకపోతే ఆ బట్టలు మా పిల్లలే తొడుక్కుంటారు గదా. మంచి బట్టని ఏడాదికే పాతబట్ట చేసేది మీరు. దానికి మళ్ళీ దానం అని పేరు పెట్టేదీ మీరే."

వరసలో ఎవరో "నిజమే" అన్నారు. ఆ ఒక్క మాటకి భవానీప్రసాద్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"టీసీ రాయిస్తా. తీసుకెళ్ళి మీరు పాఠాలు చెప్పే ఆ చిల్లకల్లు స్కూల్లోనే చేర్చుకోండి. అక్కడ ఏ రంగు వేసుకున్నా అడిగేవాడుండడు."

తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది జాయిస్. ఈ ఏడు ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లని ఇప్పుడు తెలుగు మీడియంలో వేస్తే ఏమవుతుందో టీచరుగా జయమణికి బాగా తెలుసు. ఇంకో ఇంగ్లీషు మీడియం స్కూలు కావాలంటే నందిగామ పోవాలి. అంత చిన్నపిల్లని రోజూ హైవే బస్సుల్లో వేలాడమనడానికి ఆమెకి మనసొప్పలేదు.

"కొనేయమ్మా," అంది జాయిస్ ఏడుస్తూ.

జయమణి తలొంచింది. ఏ తప్పూ చేయకుండా నలుగురిలో తలొంచడం ఎంత కష్టమో అప్పుడు ఆమె మొహం చూసినవాళ్ళకి తెలిసింది.

"సరేనండి. ఒక జత ఇప్పించండి."

అంతటితో ఊరుకుంటే ఆయన భవానీప్రసాద్ ఎందుకవుతాడు? గెలిచాక నాలుగు మాటలు అనకపోతే ఆయనకి అన్నం అరగదు.

"ఊరికే కొనడం కాదు. అసలుకీ నకిలీకీ తేడా చూసి మరీ కొనండి. మీరూ చూడండయ్యా అందరూ. రేపు ఇంకెవరికన్నా ఇట్టాంటి తెలివితేటలు పుడతాయేమో." ఆయాని పిలిచి బకెట్టుతో నీళ్ళూ, సబ్బుబిళ్ళా తెమ్మన్నాడు. "తిరుపతీ, ఒక ప్యాకెట్టు పట్రా."

తిరుపతిరావు లేవలేదు. "ఇప్పుడెందుకులే బావా. ఆవిడ కొంటానంది గదా."

"పట్రమ్మంటుంటే."

"తడిపితే మళ్ళీ అమ్ముకోలేం బావా."

"ఒక్క స్కర్టుకి ఏడుస్తావేంట్రా పీనాసోడా," అని భవానీప్రసాద్ తనే వెళ్ళి పైనున్న ప్యాకెట్టు లాక్కొచ్చాడు. కవరు చింపి, ఇస్త్రీ మడత నలగని స్కర్టుని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. "దీంట్లోంచి చుక్క రంగు దిగితే స్కూలు మూసేసి సైకిలు మీద ఐసు అమ్ముకుంటా."

చొక్కా చేతులు పైకి మడిచాడు. స్కర్టుని బకెట్లో ముంచి, నడుం పట్టీకి సబ్బు పట్టించి రుద్దడం మొదలుపెట్టాడు. ఆయన చూపంతా జయమణి మీదే ఉంది. ఆమె మొహం ఇంకా ఎంత చిన్నబోతుందో చూడాలన్న సరదా తప్ప బకెట్టు సంగతే పట్టలేదు.

"బట్టంటే ఇది. బజార్లో పొట్లం కొనుక్కొచ్చి అద్దేస్తే వచ్చే రంగు కాదు. అర్థమైందా మేడమ్?"

జయమణి బకెట్లోకి చూస్తోంది. వరసలో వాళ్ళూ బకెట్లోకే చూస్తున్నారు. పక్కగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరుపతిరావు వెనక గుమ్మంలోంచి బయటికి నడిచాడు.

భవానీప్రసాద్ స్కర్టుని పైకి తీసి, ఒక్క విదిలింపు విదిలించి, జయమణి మొహం ముందు పట్టుకున్నాడు. నీలం నీళ్ళు ఆయన మోచేతుల మీదుగా తెల్లచొక్కాలోకి కారుతున్నాయి. రుద్దినంత మేరా నడుం పట్టీ ఆకుపచ్చగా బయటపడింది. ఆ పచ్చ మీద ఏదో నల్లటి మరక ఉంది.

వరసలో మొదట నిలబడ్డావిడ దగ్గరికొచ్చి, ఆ మరకని వేలితో తడిమి చూసింది.

"ఇది మా ఇంటి చాకలి గుర్తేనండి."