నీళ్లు పోసిన అతుకు

ఎర్రగా కాలుతున్న అతుకు మీద వెల్డరు చెంబెడు నీళ్లు గుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది.

"నీళ్లు పోయకు బాబూ."

వెల్డరు వెనక్కి తిరిగి చూశాడు. పక్క గోడౌనుకు కొత్తగా వచ్చిన ముసలి వాచ్‌మన్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

వెల్డరు చేస్తున్నది తన కూతురి గేర్ల సైకిలుకు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు. పది రోజుల్లో కొండదారి పోటీలు. ఉన్న స్ప్రింగుల ఫోర్కు చెడిపోయింది. ఆ కొలతది ఊరంతా గాలించినా దొరకలేదు. పిల్ల అన్నం ముట్టకుండా కూర్చుంటే, స్ప్రింగుల గొడవే లేకుండా ఒక కాడ, రెండు కాళ్లతో గట్టి ఫోర్కు తానే చేసిస్తానని మాటిచ్చాడు.

ఇరవై ఏళ్లుగా గేట్లూ కిటికీలూ అతికిన చెయ్యి అది. అతికిన వెంటనే నీళ్లు పోసి చల్లార్చడం దానికి అలవాటు. అలా చేసినా ఏ గేటూ ఇంతవరకూ ఊడి పడలేదు.

"ఇది గేటు ఇనుము కాదు, గట్టి ఉక్కు," అన్నాడు వాచ్‌మన్. "కాలుతుండగా నీళ్లు తగిలితే లోపల చీలుతుంది. దాని మానాన దాన్ని చల్లారనివ్వాలి."

"హనుమంతుడి ముందు కుప్పిగంతులా పెద్దాయనా? మీ గేటు మీరు కాసుకోండి."

అంత మాటన్నా ముసలాయన మానలేదు. రోజూ వచ్చి, తాళంచెవితో ఫోర్కును టకటకా తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. పిల్ల ఆయనకు టకటకల తాత అని పేరు పెట్టింది. వాలు ఎంత ఉంటుంది, రాళ్లెక్కడుంటాయి, బ్రేకు ఎక్కడ నొక్కుతావు అని ఆయన ఆ పిల్లను గుచ్చి గుచ్చి అడిగేవాడు. పనీపాటా లేకపోతే ఇలాగే ఉంటుందని వెల్డరు విసుక్కునేవాడు.

ఫోర్కుకు ఎర్రరంగు వేసిన రోజు ముసలాయన ఒక కోరిక కోరాడు.

"దీన్ని ఒక్కసారి నన్ను విరగ్గొట్టి చూడనివ్వు."

"నేను చేసింది మీరు విరగ్గొట్టడానికా?"

"విరక్కపోతే పిల్లను నిశ్చింతగా ఎక్కించు. విరిగితే నా చేతిలోనే విరుగుతుంది."

పోటీకి వెళ్లబోయే పిల్ల ముందు ఆ పాడుమాటలేమిటని వెల్డరు మండిపడ్డాడు. ఇంకోసారి షాపు గడప తొక్కితే మర్యాద దక్కదన్నాడు.

పోటీ రేపనగా, మధ్యాహ్నం తండ్రీ కూతుళ్లు భోంచేసి వచ్చేసరికి ఫోర్కు బెంచి మీద వైసు దవడల మధ్య బిగించి ఉంది. కాడ ఒకచోట, కాళ్లు ఒకచోట. పక్కనే ముసలాయన, చేతిలో పొడుగాటి పైపు. పారిపోలేదు.

పిల్ల ఎర్రరంగు ముక్కను పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ మొహం చూశాక వెల్డరుకు ఒళ్లు తెలియలేదు. పెద్దవాడని కూడా చూడకుండా కాలరు పట్టుకుని గోడౌను యజమాని దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. తన పిల్ల నోటిదగ్గర ముద్ద లాగేశాడని నలుగురిలో కేకలేశాడు.

ఎందుకు చేశావని యజమాని అడిగాడు. ముసలాయన ఆయనవైపు చూడనేలేదు.

"ఇంకోటి చెయ్యి బాబూ. ఈసారి నీళ్లు పోయకు," అన్నాడు వెల్డరుతో.

మతి చలించిందని తేల్చి యజమాని అప్పటికప్పుడే పనిలోంచి తీసేశాడు. ముసలాయన సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తోటివాళ్లంతా కొండ దిగుతున్న వేళకు పిల్ల షాపులో కూర్చుని ఆ ముక్కల్ని తిప్పి తిప్పి చూస్తోంది.

"నాన్నా, విరిగినచోట సగం తళతళలాడుతోంది. సగం తుప్పు పట్టి ఉంది. ఎందుకు?"

వెల్డరు ముక్కను అందుకున్నాడు. మెరుస్తున్నది నిన్న విరిగిన భాగం. తుప్పు పట్టినది నీళ్లు పోసిన రోజే చీలింది. పైన రంగు పడి కనబడలేదంతే.

ముసలాయన గట్టిగా లాగను కూడా లేదని, ఒంటిచేత్తో వంచితే పుల్లలా విరిగిందని, అప్పుడు చూసిన ఎదురు కొట్టావిడ చెప్పింది. వెల్డరు కూతురివైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది.

ఆ వారమే ఇంకో ఫోర్కు చేశాడు. నీళ్లు పోయలేదు. పిల్లను దానిమీద ఎక్కనివ్వలేదు. ముందు ముసలాయన విరగ్గొట్టి చూడాలన్నాడు. దాన్ని చంకన పెట్టుకుని, కనబడిన ప్రతి గోడౌను గేటు దగ్గరా ఆయన ఆనవాళ్లు చెప్పి అడిగాడు. ఇల్లు దొరికేసరికి రెండు నెలలు పట్టింది.

ముసలాయన భార్య తలుపు తీసింది.

"ఆయన పోయి పద్దెనిమిది రోజులైంది బాబూ."

వెల్డరు గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆవిడ మంచినీళ్లు తెచ్చిచ్చి, అతని ఒళ్లో ఉన్నదాన్ని చూసింది.

"ఫోర్కా? ముప్పై ఏళ్లు సైకిళ్ల ఫ్యాక్టరీలో ఆయన పని అదే. వంద ఫోర్కులు తయారైతే ఒకటి విరగ్గొట్టి చూసేవారు. ఆయన సరేనంటేనే మిగతావి గేటు దాటేవి. ఓసారి తొందరగా పంపాలి, చూడకుండానే సంతకం పెట్టమన్నారు పైవాళ్లు. పిల్లలు ఎక్కే సైకిళ్లు, పెట్టనన్నారు ఈయన. ఉద్యోగం తీసేశారు."

వెల్డరు నీళ్ల గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఆ వయసులో వెళ్లి వాచ్‌మన్‌గా చేరారు. అదీ పోయింది. అది ఎందుకు పోయిందో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు. మీకేమైనా తెలుసా బాబూ?"