తిరగేసిన జతలు

"సార్ పీకెయ్యమన్నారు అత్తా, పీకేద్దాం," అంటూ యమున గోగు మడిలోకి దిగి మొదటి మొక్కను విసురుగా లాగేసింది.

ఎనిమిది గోగు రకాల్లో పిల్ల మొక్కలకు మంచి గుణాలిచ్చేవేవో తేల్చాలని, తన పరిశోధన కోసం యమున ప్రతి రకాన్నీ మిగతా అన్నిటితో తల్లిగా ఒకసారి, తండ్రిగా ఒకసారి కలిపింది. మొత్తం యాభై ఆరు జతలు. "తిరగేసిన ఇరవై ఎనిమిదీ దండగ. ప్రతి జతా ఒక వైపు కలిపితే చాలు, అవి పీకెయ్," అని గైడు నరసింగరావు పొద్దున్నే తేల్చేశాడు.

"ఇయ్యన్నీ నాను సేత్తో పుప్పొడి అద్ది కట్టిన పువ్వులే గదమ్మా," అంది పొలంలో పనిచేసే దానమ్మ, కదలకుండా.

"రెండూ ఐదూ కలిపినా, ఐదూ రెండూ కలిపినా ఒకటేనంట. నన్నేటి సెయ్యమంటావు?"

"ఒకటే అయితే అదెందుకు పడిపోనాది?"

యమున తలెత్తింది. పోయిన వారం వానకు నీళ్లు నిలిచి, ఒక చాలు మొదళ్లు కుళ్లి వాలిపోయింది. పక్క చాలు నిటారుగా ఉంది. వంగి రెండు చీటీలూ చదివింది. అవే రెండు రకాలు. నిలబడ్డదానికి ఐదో రకం తల్లి, పడిపోయినదానికి తండ్రి.

"ఐదు తల్లయిన సాళ్లు ఒక్కటీ పడ్నేదమ్మా."

"మరి నాకు సెప్పలేదేటి?"

"నువ్వు ఎత్తూ లావూ అంకెలే అడుగుతావు గదా."

యమున బురద చేతులు చున్నీకే తుడుచుకుని ఫోన్ తీసింది.

"సార్, పీకట్లేదు. మీరొకసారి మడిలోకి రావాలి. దానమ్మత్త చూపిస్తుంది."