ఒక్కణ్నే ఉన్న

పెంటయ్య బొటనవేలికి సిరా పూసుకున్నాడు. కాగితం మీద ఒత్తబోయాడు.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నారెవరో.

రాయదుర్గంలో ఎన్నడూ చూడని మనిషి. అరవై ఏళ్ళు పైనే ఉంటాయి. గోల్కొండలో బస్సు దిగి నడిచొచ్చినట్టున్నాడు, పంచె మోకాళ్ళ దాకా దుమ్ముకొట్టుకుపోయింది.

"అందులో ఏం రాసుందో తెలుసాండీ?"

"తెల్వదు. మందులకు పైసలిస్తమన్నరు."

ముసలాయన కాగితం అందుకుని చదివాడు. "కాలు పోయింది నా తప్పువల్లే, ఇంకేమీ అడగను అని రాసుందండి."

కాంట్రాక్టరు తరఫున కాగితం తెచ్చిన సూపర్‌వైజర్ మొహం నల్లబడింది.

పెంటయ్య రాళ్ళు కొట్టేవాడు. 1973లో తమ్ముడు ఎల్లేశంతో కలిసి విశాఖ వెళ్ళాడు. రేవు కోసం సముద్రానికి అడ్డుగోడ కడుతున్నారు. బార్జీ అనే బల్లపరుపు పడవ మీద బండలు తీసుకెళ్ళి నీళ్ళలోకి దించడం పని. ఒకరోజు క్రేను గొలుసు తెగింది. బండ వచ్చి కుడికాలి మీద పడింది. మోకాలి కింద తీసేశారు.

సూపర్‌వైజర్ పెంటయ్య చెవి దగ్గరికి వంగాడు.

"కేసు పెట్టుకుంటే పెట్టుకో. బార్జీ మీద ఆ రోజు ఇంకొకడున్నాడని మాత్రం నోరు జారకు. నీ తమ్ముడు ఇంకా మా దగ్గరే పనిచేస్తున్నాడు."

అతను వెళ్ళాక ముసలాయన అరుగు మీద కూర్చున్నాడు. తన పేరు రామబ్రహ్మం అన్నాడు. పరిహారం అర్జీ తాను రాసిపెడతానన్నాడు.

"దెబ్బ తగిలినప్పుడు మీ పక్కన ఎవరున్నారండి?"

పెంటయ్య గుమ్మంలో నిలబడ్డ భార్య భాగ్యమ్మ వైపు చూశాడు.

"ఎవ్వరు లేరు. ఒక్కణ్నే ఉన్న."

రామబ్రహ్మం చేతిలో కలం కాసేపు కదల్లేదు. తర్వాత ఆ మాటే రాసుకున్నాడు.

నిజానికి పక్కన తోటి కూలీ బుల్లిబాబు ఉన్నాడు. గొలుసు తెగుతుంటే "అన్నా!" అని అరిచి పెంటయ్యను పక్కకు తోసింది అతనే. లేకపోతే బండ గుండెల మీదే పడేది. దొర్లిన బండ బుల్లిబాబును సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. శవం దొరకలేదు.

రామబ్రహ్మం మళ్ళీ మళ్ళీ వచ్చాడు. పెంటయ్యను ఎడ్లబండి ఎక్కించి, బస్సెక్కించి, పెద్ద దవాఖానలో సర్టిఫికెట్ రాయించాడు. మీ పేరు హాజరు పట్టీలో లేదన్నారంటూ ఇల్లంతా వెతికించి పాత కూలి చీటీలు బయటికి తీయించాడు. భాగ్యమ్మ జొన్నరొట్టె పెడితే నమల్లేక నమిలి, "బావుందమ్మా" అన్నాడు.

వెళ్ళబోయే ముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"బాగా జ్ఞాపకం చేసుకోండి. ఇంకెవరూ లేరాండీ?"

"లేరని చెప్పిన గద. ఊకె గదే అడుగుతరేంది?"

"ఏమీ అనుకోకండి. మీరు చూసింది మీ నోటితోనే రావాలి. నేను చెప్పించకూడదు."

ఆయన వీధి మలుపు తిరిగాక భాగ్యమ్మ అంది. "గాయనకన్న జెప్పరాదు? పాపం, ఆ పిలగాని ఇంటోళ్ళు ఎంత పరేషాన్ అయితున్నరో."

"ఎల్లేశం పని పోతది. నోరు మూస్కో."

మరుసటి ఎండాకాలం ఎల్లేశం అక్కడ పని మానేసి ఊరికొచ్చేశాడు. ఆ వారంలోనే లేబరాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పెంటయ్య పరిహారం మంజూరైంది.

"ఇగ ఫికర్ లేదు" అన్నాడు పెంటయ్య. "ఆ పెద్దమనిషికి ఉన్నదున్నట్టు జెప్పేస్త."

చంకకర్రల మీద సిటీకి వెళ్ళాడు. లేబరాఫీసులో గుమాస్తా సీతారామయ్య వేలిముద్రలు వేయించుకున్నాడు.

"సార్, రామబ్రహ్మం సారు ఏ కుర్చీల కూసుంటడు? ఒక మాట జెప్పాలె."

"ఆయన మా ఆఫీసు మనిషి కాదయ్యా. పోయిన నెల చనిపోయారు. ఊరి నుంచి ఉత్తరం వచ్చింది."

పెంటయ్య అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు.

"నాకు గింత జేసిండు. ఒక్క పైస ముట్టలే. అసలు మా ఇంటికి ఎందుకొచ్చిండు సార్?"

గుమాస్తా మరో ఫైలు తీశాడు.

"దీనికి సాక్షి కోసం. ఇది కూడా మీ బార్జీ కేసే. మనిషి సముద్రంలో పడిపోయాడని ఆయన, పని ఎగ్గొట్టి పారిపోయాడని కాంట్రాక్టరు. రామబ్రహ్మంగారే తన చేత్తో రాసిన నీ వాంగ్మూలం చూపించి కాంట్రాక్టరు గెలిచాడు. ఒక్కడినే ఉన్నానన్నావు కదా."

"నేను జెప్త సార్. నా పక్కకే ఉండె. ఇప్పుడు రాస్కోండ్రి."

"కేసు కొట్టేశారయ్యా. పారిపోయాడనే తేల్చారు. అతని భార్య ఇంకా మొగుడొస్తాడని బొట్టు పెట్టుకుని ఎదురుచూస్తోందట. కర్మ కూడా చేయనివ్వలేదట."

పెంటయ్య ఆ ఫైలు మీద చెయ్యి పెట్టాడు.

"గా బుల్లిబాబు కోసం... ఈయన ఎందుకు తిరిగిండు సార్?"

సీతారామయ్య ఫైలు మూసి మెల్లగా అన్నాడు.

"బుల్లిబాబు ఆయనకు ఒక్కగానొక్క కొడుకు."