నంబరు లేని తుపాకి

తుపాకి చట్టం గురించి ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. కావాలంటే ఏ వకీలునైనా తెచ్చి నా పక్కన నిలబెట్టండి.

ఆస్పరి దగ్గర పల్లెలో హుసేనప్ప అని డెబ్బై ఏళ్ల రైతు. పంట కాపలాకని ఎప్పుడో లైసెన్సు తీసుకున్న మందు కూరే తుపాకి ఒకటి ఉంది ఆయనకు. చూపు తగ్గింది, చేయి వణుకుతోంది. అమ్మేద్దామనుకున్నాడు. చిప్పగిరి వైపు నుంచి దేవరాజు కొంటానని వచ్చాడు. దేవరాజుకు లైసెన్సు కొత్తగా మంజూరైంది, తుపాకి మాత్రం లేదు.

ఇద్దరూ ఉరుకుంద పోయి, ఈరన్న స్వామి గుడి గడప ముందర ఆకువక్క మార్చుకున్నారు. బేరం కుదిరిపోయింది. ఈరన్న ఎదుట ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే ధైర్యం ఆ పక్క ఎవరికీ లేదు.

అయితే పలుపు చేతికిచ్చి తోలుకుపొమ్మనడానికి తుపాకి ఏమైనా ఎద్దా? కలెక్టరుకూ, పోలీసు స్టేషనుకూ ముందే రాసివ్వాలి. నలభై ఐదు రోజులు ఆగాలి. లైసెన్సు పుస్తకంలో నంబరూ, తుపాకి మీద నంబరూ ఒకటే కావాలి. మొత్తం తుపాకి ఎందుకు, ఉత్త గొట్టం విడిగా అమ్మినా చట్టం ఊరుకోదు.

ఇదంతా నేను చదివాననుకునేరు! ఎమ్మిగనూరు బస్సులో పక్కన కూర్చున్న వకీలు గుమాస్తా చెప్పాడు. అందులోనూ సగం నిద్రలో విన్నాను.

సరే. నలభై రోజులయ్యాక హుసేనప్ప వెళ్లి దేవరాజు చేను చూసొచ్చాడు. చేను నిండా అడవిపందుల అడుగులు. శనక్కాయ చెట్లు పెళ్లగించి పడేసి ఉన్నాయి. పక్క చేను దేవరాజు తమ్ముడు ధనుంజయది. అందులోనే ఇల్లు కట్టుకుని ఉన్నాడు. ఇద్దరికీ కలిపి బోరు ఒక్కటే కాబట్టి, అన్నదమ్ములకు మాటల్లేవు.

నలభై ఆరో రోజు దేవరాజు స్టేషనుకు వచ్చాడు. హుసేనప్ప తుపాకితో వచ్చాడు, వెంట భార్య తిమ్మక్క. ఎస్సై శ్రీనివాసులు పుస్తకం తెరిచి, సెల్‌ఫోన్ లైటు వేసి గొట్టం చూశాడు. తిప్పి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఏమప్పా, నంబరు యాడ?"

"ఆడనే ఉండాల సార్."

నంబరు ఉండాల్సిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది.

తిమ్మక్క ముందుకొచ్చింది. "తప్పు నాదే సార్. ఏటా ఆయుధపూజకు చింతపండూ ఇటుకపొడీ ఏసి తోముతాను, చెంబులు తోమినట్ల. అరిగిపోయిందేమో."

కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. బొటనవేలితో ఆ చోటు తడిమాడు.

"మేమూ ఏటా పూజ చేస్తామమ్మా. ఇది చింతపండు పని కాదు, ఆకురాయి పని. గీతలు కొత్తవి. తుప్పు గూడా ఎక్కలేదు." హుసేనప్ప వైపు తిరిగాడు. "నిజం చెప్పు. ఇది నీ తుపాకేనా? దొంగది యాడన్నా పట్టుకొచ్చి దీనికి నీ పుస్తకం తగిలిస్తాండావా?"

"ముప్పై ఏండ్ల నుంచి నాదే సార్."

"నంబరు చెరిపిన తుపాకి ఎవరి చేతిలో దొరికితే, చెరిపింది వాడే అంటాది చట్టం. కాదని నువ్వే రుజువు చేసుకోవాల. లేకుంటే జైలు. ఈ వయసులో పోతావా?"

హుసేనప్ప తలొంచుకున్నాడు. తిమ్మక్క ఆయన చొక్కా కొస పట్టుకుంది.

ఎస్సైకి ఒక్క సంగతి మాత్రం మింగుడు పడలేదు. దొంగ నంబరు చెరిపితే తుపాకి దాచుకుంటాడు. రేపు పోలీసులకు చూపించాలనగా ఈరోజు ఎవడైనా చెరుపుకుంటాడా?

"ఎవరి మీదన్నా అనుమానముందా?"

"లేదు సార్."

దేవరాజు ఉండబట్టలేకపోయాడు. "నంబరుతో నాకేం పని సార్? తుపాకి బాగుంది. నేను కొంటాండాను."

"నంబరు లేనిది అమ్మకూడదు, కొనకూడదు. రేపు దీంతో ఏదన్నా జరిగితే ఎవరిదని వెతకాల?" ఎస్సై పుస్తకం మూసేశాడు. "కేసు తేలేదాకా నీ లైసెన్సు కూడా ఆపమని పైకి రాస్తాను."

దేవరాజు మొహం నల్లబడింది. హుసేనప్ప మీదికి వచ్చాడు. "ఈరన్న ముందర మాటిచ్చి, ఇదేనా నువ్వు చేసేది?"

"నేనేడ మాట తప్పినానప్పా? తుపాకి తెచ్చినా. నీ ముందర పెట్టినా. సర్కారు ఇయ్యొద్దంటే ముసలోన్ని, నేనేం చేయాల?"

తుపాకి స్టేషన్లో ఉండిపోయింది. హుసేనప్ప మీద కేసయింది. ఇప్పటికీ వాయిదా వాయిదాకూ ఆదోని కోర్టుకు బస్సెక్కుతున్నాడు. "ఆ నంబరు ఎందుకు చెరిపినావు పెద్దాయనా?" అని వకీలు అడిగినప్పుడల్లా, ఆకువక్క దవడకు పెట్టుకుని, తిరుగు బస్సు ఎన్నింటికని అడుగుతాడట.

ఇందులో నేను కల్పించింది పందుల సంగతి ఒక్కటే: ఆ చేనిలో పంది అడుగన్నది లేదు, ఆరోజు హుసేనప్ప చూసింది కొత్తగా కట్టిన మంచె, దాని మీద కూర్చుంటే కనపడేది తమ్ముడు ధనుంజయ ఇంటి వాకిలి.