సావధాన్

"నిద్దర్లో ఊపిరి నిలిచిపోతాదని ఎందుకు చెప్పకపోతివి?" మెడికల్ బోర్డు గది దాటగానే పాపక్క మొగుణ్ణి నిలదీసింది.

ఆనేకల్ నుంచి బెంగుళూరు దాకా బస్సులో ఆమె అదే నూరిపోసింది. మంచుకొండల్లో కాపలా కాసి తెచ్చుకున్న జబ్బు అది. బోర్డు ఒప్పుకుంటేనే వైకల్యం పెన్షను.

మాజీ హవల్దారు చిక్కమునియప్ప తల వంచుకున్నాడు. "ఆఫీసరు ఎట్లుండావని అడిగితే, నోట్లోంచి ఠీక్ హై సాబ్ అనే వచ్చేసె. పట్టాళం అలవాటు కదమ్మే."

నాలుగు మెట్లు దిగేసరికి ఆయాసం ముంచుకొచ్చి గోడవార కూలబడ్డాడు. రొమ్ము కొలిమితిత్తిలా ఎగిరెగిరి పడుతోంది.

పాపక్క వెనక్కి పరుగెత్తింది. "సార్, ఒక్కసారి వచ్చి చూడండి. ఆ మనిషి మీకు చెప్పింది అబద్ధం."

బోర్డులోని ఆ ఆఫీసరు డాక్టరే, తెలుగాయనే. విసుక్కోకుండా లేచి వచ్చాడు.

బూట్ల చప్పుడు వినగానే చిక్కమునియప్ప గోడ పట్టుకుని లేచాడు. మడమలు కలిపి, రొమ్ము విరుచుకుని సెల్యూట్ కొట్టాడు. ఆయాసం జాడే లేదు.

"బాగానే ఉన్నాడు కదమ్మా. జబ్బేమీ లేదని లోపల రాసిందే ఖాయం చేస్తున్నా," అని డాక్టరు వెనుదిరిగాడు.

పాపక్క మొగుడి రొమ్ము మీద చెయ్యి వేసింది. అది కదలడం లేదు. రాత్రుళ్ళు ఇట్లా ఊపిరి ఆగినప్పుడల్లా తట్టి లేపేది. మెలకువగా ఉన్న మనిషిని ఎట్లా లేపాలో ఆమెకు తెలియలేదు.

"ఇంక ఊపిరి వదులప్పా," అంది మెల్లగా. "ఆయప్ప పోయినాడు."