ట్యాంకు చాటున

అన్యాయం జరిగింది ఎవరికి? ఎలా?

నెల్లీ హెబ్డన్ దగ్గర దీనికి ఒకటే జవాబు. రైలు వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే షంటర్ ఆమె భర్త విల్ఫ్రెడ్. ఇంజను అతన్ని తొక్కేసింది. డ్రైవర్ ముందుకు చూడలేదని విచారణ తేల్చింది. పురిటి మంచం మీదున్న నెల్లీ ఆ డ్రైవర్ ముఖమైనా చూడలేదు. శాపం మాత్రం రోజూ పెట్టింది.

ఆనాటి బిడ్డ ఆర్థర్ ఇప్పుడు వేరే ఊళ్లో, హాల్డెన్‌బీ యార్డులో, తండ్రి పనే చేస్తున్నాడు. కొడుకునైనా దక్కించుకోవాలన్న పంతంతో ఆమె ఆ యార్డు గేటు ముందే టీ అమ్ముతోంది.

యార్డులో ఇంజన్లు తుడిచే ముసలివాడు ఒకడున్నాడు. మామూలుగా అది కుర్రవాళ్లు చేసే పని. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది గనుక అందరికీ అతడు సుద్దతాత.

ఒకనాడు అతడు నెల్లీ దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, కాస్త పట్టాల మీద నిలబడతారా? పొట్టివాళ్లు కావాలి."

"నా పొట్టితనంతో నీకేం పనయ్యా?"

"పెద్ద ఇంజనీరుగారు డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. మీరు ఆయనకి కనబడరని చూపించాలి."

ఆ ఇంజనుకు ఆవిరికి కావలసిన నీళ్లు మోసే బండి వేరే ఉండదు. బాయిలరుకు రెండు పక్కలా నీళ్ల ట్యాంకులు డ్రైవర్ చూపుకు అడ్డంగా, గోడల్లా ముందుదాకా సాగి ఉంటాయి.

నెల్లీ వెళ్లి నిలబడింది.

"మనిషేదోయ్?" పైనుంచి ఇంజనీరు గొంతు.

"మీ ముందే ఉందండి. మీరిప్పుడు బండి కదిపితే చచ్చిపోతుంది."

"ట్యాంకు కోస్తే నీళ్లు తగ్గుతాయయ్యా. బండి దారిలో ఆగితే ఎవరు తోస్తారు, నువ్వా?"

"తోస్తానండి. ఏడేళ్ల నుంచి మిమ్మల్ని తోస్తున్నానుగా."

ఫిట్టర్లు నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు.

"ఆవిడ కనబడాలంటే ఎంత కోయాలో గీయి."

ముసలివాడు ట్యాంకు మీద ఏటవాలుగా గీత లాగాడు. తగ్గే నీళ్లకు వెనుక బొగ్గు అర కింద చోటు చూపినవాడు ఇంజనీరే.

"నీకింత పట్టుదల ఎందుకయ్యా?" టీ అందిస్తూ నెల్లీ అడిగింది.

"టీ బాగుందమ్మా."

మరుసటి ఏడాది ముందువైపు ఏటవాలు ట్యాంకులతో కొత్త ఇంజన్లు వచ్చాయి. ఒక ఉదయం ఆర్థర్ కాలు పట్టాల మధ్య ఇరుక్కుంది. ఎదురుగా వస్తున్న కొత్త ఇంజను డ్రైవర్ అతన్ని చూశాడు. వ్యాగన్లు తగిలించడానికి ఆర్థర్ చేతిలో ఉన్న కర్రను విరిచి, ఇంజను అక్కడే ఆగింది.

ఆ వారాంతంలో నెల్లీ మాంసం కూరి కాల్చిన వేడి వేడి రొట్టె పట్టుకొని సుద్దతాత అద్దె గదికి వెళ్లింది. ఇల్లుగలావిడ తలుపు తీసింది.

"ఆలస్యం చేశావమ్మా. నిన్ననే పోయాడు."

"మావాడు బతికిన సంగతి తెలుసా ఆయనకి?"

"తెలుసు. అది విన్నాకే కంటినిండా నిద్రపోయాడు."

"నా అన్నవాళ్లెవరూ లేరా?"

"ఎవరున్నారు? ఒకప్పుడు డ్రైవరట. ట్యాంకు చాటున మనిషి కనబడలేదని మొత్తుకున్నా విచారణలో ఎవరూ నమ్మలేదట. ఆ ఇంజను కింద పడి పోయినవాడి కోసం రోజూ ప్రార్థన చేసేవాడు. విల్ఫ్రెడ్ అని, ఎవరో షంటర్."

తాను ఇరవై ఏళ్లు శపించిన మనిషి, అతడిది కాని బాకీని తన కొడుకు ప్రాణం నిలిపి పూర్తిగా తీర్చి వెళ్లిపోయాడని నెల్లీకి ఆ గడప మీద తెలిసింది.