తలుపు మూయించిన కథ

మళ్ళీ ఆ ఇనప తలుపు కింద ఇటుక పెట్టేశారు.

మిలోయె తల పట్టుకున్నాడు. లెస్కొవాట్స్ ఊరి పక్కన మిరప పచ్చడి చేసే కార్ఖానాలో అతను భద్రతాధికారి. మిరపకాయలు కాల్చే పొయ్యిల గదికీ, సీసాల గోడౌనుకీ మధ్య ఉన్న ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి. నిప్పంటుకుంటే ఆపేది అదొక్కటే. అక్కడ పనిచేసే ఆడవాళ్ళకేమో రెండు చేతుల్లోనూ బుట్టలు. వెళ్ళినప్పుడల్లా తలుపు తీసి మూసే ఓపిక ఎవరికుంది? ఇటుక పెట్టడం, పోవడం.

నోటీసులంటించాడు. ఎర్రవి, పచ్చవి. ఒకదాంతో వేడి పళ్ళేలు దించుకున్నారు. ఇంకోటి పొయ్యి రాజేయడానికి పనికొచ్చింది.

సోమవారం తనిఖీ. ఈసారి కూడా తలుపు తెరిచి కనబడితే ఉద్యోగం పీకేస్తానన్నాడు డైరెక్టరు. పీకేస్తే మిలోయె పోవాల్సింది మామగారి కోళ్ళఫారానికి. కోళ్ళనైతే భరించొచ్చు. అక్కడ మామగారు కూడా ఉంటాడు.

అందుకే రాజధాని బెల్‌గ్రేడ్ నుంచి ట్రైనర్ని పిలిపించాడు. పనివాళ్ళకి మాట ఎలా ఎక్కించాలో నేర్పే మనిషట. వచ్చాడు రాదొవాన్ సారు. నున్నగా గీసిన మూతి, కొత్త టోపీ, తేనెలో ముంచి తీసిన గొంతు.

అందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టారు. కాఫీలు కాచే స్తమెంకా పళ్ళెం పట్టుకొచ్చింది. ఎప్పుడో పిరోత్ ఊరి నుంచి, మొగుడు పోయినవాళ్ళు కట్టే నల్లబట్టలతో వచ్చి ఇక్కడ పనిలో చేరిన మనిషి. ఆ నలుపు ఇంతవరకూ విప్పలేదు. ట్రైనరు కాఫీలో అడక్కుండానే బోలెడు పంచదార వేసి కలిపింది. ఆయన చేతిలోంచి సుద్దముక్క జారి కింద పడింది.

"నోటీసు చదివి ఎవరూ మారరు," అన్నాడాయన గొంతు సవరించుకుని. "కథ చెప్పాలి. కథలో మనిషి కళ్ళకి కట్టాలి. వాడికేమైందో వింటుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండాలి. ఒకరు చెబుతుంటే మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు. అదీ నియమం."

ముందు మిలోయె లేచాడు. "అనగనగా ఒక తలుపు..."

"దానికి పెళ్ళయిందా?" అంది బుట్టలు మోసే వుకా. గదంతా ఘొల్లుమంది. మిలోయె కూర్చున్నాడు.

"నే చెప్పనా సారూ?" అంది స్తమెంకా.

"టైమైపోయిందమ్మా," అన్నాడు ట్రైనరు గబగబా.

"చెప్పనియ్యండి సారూ! ఆవిడ నోరు తెరవడమే అపురూపం," అన్నారంతా.

స్తమెంకా పళ్ళెం కింద పెట్టింది.

"మా ఆయన కథే. ఇంత మీసం. కోటేరు లాంటి ముక్కు. మాటలా? అబ్బో! పెళ్ళికెళ్తే పెళ్ళికొడుకుని వదిలేసి ఈయన చుట్టూ చేరేవాళ్ళు. రొట్టె లేకుండానైనా ఉంటాడేమో గానీ..."

"గానీ, ఏంటి పిన్నీ?"

"మాట లేకుండా మాత్రం ఉండలేడు. ఓ రోజు వీధి తలుపు తీసిపెట్టి, ఎదురుగా కిటికీ తీసి, మధ్యలో నిలబడ్డాడు. ఎందుకూ? ఎదురింటి పంతులమ్మతో కబుర్లకి. ఏమయ్యా, ప్రొమాయా కొడుతుంది, మూసెయ్యి అన్నాను. విన్నాడా?"

గదిలో గాలి ఆగిపోయింది. ప్రొమాయా అంటే ఎదురెదురు సందుల్లోంచి దూసుకొచ్చే గాలి. ఆ దేశంలో దయ్యానికి భయపడని వాళ్ళున్నారు గానీ దానికి భయపడని వాళ్ళు లేరు.

"సాయంత్రానికి మూతి ఈ చెవి దాకా వంకరపోయింది. అంతటి మాటకారి, మంచినీళ్ళని అడగలేకపోయాడు. మేకలా మే మే అన్నాడు. తెల్లారేసరికి చచ్చిపోయాడు. పంతులమ్మ కనీసం చూడ్డానిక్కూడా రాలేదు."

వుకా వెక్కివెక్కి ఏడ్చింది. ట్రైనరు పైపెదవి తడుముకుంటున్నాడు.

"ఏం సారూ, మనిషి కళ్ళకి కట్టాడా?" అంది స్తమెంకా.

"కట్టాడు," అన్నాడాయన టోపీ కిందికి లాక్కుని.

"మీ ఇనప తలుపూ, గోడౌను చివర లారీల షట్టరూ ఎదురెదురే కదర్రా," అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

అంతే. ఆ పూటకే ఇటుక మాయమైంది. బుట్టలు కింద పెట్టి మరీ తలుపు మూస్తున్నారు. ఎవరైనా ఆలస్యం చేస్తే, "నీ మూతి వంకరపోనూ!" అని పదిమంది అరుస్తున్నారు.

ఆ కథ విని డైరెక్టరు కూడా కళ్ళు తుడుచుకుని మిలోయెని పిలిచాడు. "ఆ మహానుభావుడి ఫోటో సంపాదించి, గోడలకంటించే చావు కబురు కాగితంలా నల్ల అంచు వేయించి, ఆ తలుపు మీద అంటించు. తనిఖీవాళ్ళు చూసి అదిరిపోవాలి. సోమవారానికి ఫోటో లేకపోతే నువ్వూ ఉండవు."

మిలోయె వంటగదికి పరిగెత్తాడు.

"ఫోటోలా? అన్నీ పొయ్యిలో పెట్టేశాను నాయనా," అంది స్తమెంకా, కాఫీ గిన్నె తోముకుంటూ. "చూస్తే ఒళ్ళు మండేది."

కోళ్ళఫారం వాసన మిలోయె ముక్కుకి తగిలింది. గేటు దగ్గర ట్రైనరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మీ కథే నా కొంప ముంచింది సారూ! తలుపు మూతబడింది గానీ, చచ్చినవాడి ఫోటో నేనెక్కణ్ణుంచి తేను?"

ట్రైనరు కార్ఖానా వంటగది పొగగొట్టం వైపు చూశాడు.

"ఫోను తియ్యి బాబూ, నల్ల అంచు మాత్రం కాస్త సన్నగా వేయించు," అంటూ టోపీ తీసి, జుట్టు సవరించుకుని, గోడ పక్కన నిటారుగా నిలబడ్డాడు స్తమెంకా మొగుడు.